ఆఫ్రికా చేప ఉపవాసం

చేప అంటే పులుసు తప్ప మరో ఆలోచన రాని తిరువూరులో, దాన్ని గాజుతొట్టిలో పెట్టి మేత వేసి మరీ పెంచినవాడు మామిడితోటల వీరరాఘవయ్య ఒక్కడే. డెబ్బై నాలుగులో లారీ డ్రైవరు ఖాదర్‌బాషా మద్రాసు నుంచి తెచ్చిచ్చిన ఆఫ్రికా చేపల జత అది. పెళ్లై పన్నెండేళ్లయినా పిల్లల్లేరు, భార్య నాగేశ్వరమ్మకి కాస్త కాలక్షేపం అవుతుందనుకున్నాడు.

ఆ కాలక్షేపమే ఆయన కడుపు మీద కొట్టింది. దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి ఆడచేప మేత ముట్టడం మానేసింది. దవడలు ఉబ్బాయి, నోరు తెరవదు.

"కార్తీకమాసం కదండీ, ఉపవాసం ఉంటోంది," అని తేల్చేసింది నాగేశ్వరమ్మ.

మగచేప మాత్రం వేసిందల్లా మింగేది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ మొగుడి వంక కూడా ఓ చూపు చూసేది. ఏటా కార్తీకమంతా ఆవిడొక్కతే పగలు పస్తుండి చుక్కలు చూసి తినేది. ఈయన సోమవారాలు కూడా బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు లాగించి మూతి తుడుచుకుని వచ్చేవాడు. ఆవిడకి తెలీదనుకునేవాడు, వెర్రి మనిషి.

"నోరులేని జీవానికున్న నిష్ఠ మనకి లేకపోయె," అంది మూడోనాడు.

అంతే, రోషం పొడుచుకొచ్చి ఆయనా ఉపవాసం పట్టాడు. పద్దెనిమిది రోజులు! మధ్యాహ్నానికే కళ్లు బైర్లు కమ్మేవి. చేప ఎప్పుడు తింటుందా, తనెప్పుడు తింటాడా అని తొట్టి ముందే కూర్చునేవాడు.

పందొమ్మిదోనాడు బస్టాండులో ఖాదర్‌బాషా కనపడ్డాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

"ఉపవాసమేంటండీ! ఆ జాతి గుడ్లని నోట్లోనే పెట్టుకుని పిల్లల్ని చేస్తుంది. అందుకే తినదు. షాపాయన అప్పుడే చెప్పాడు, నేనే మర్చిపోయాను."

వీరరాఘవయ్యకి ప్రాణం లేచొచ్చింది. ముందు ఆవిడకి చెప్పి, తర్వాతే పెసరట్టు అనుకుని ఇంటికి పరిగెత్తాడు.

నాగేశ్వరమ్మ తొట్టి ముందు కూర్చుని ఉంది. ఆడచేప నోరు తెరిచింది. చీమలంత పిల్లలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి.

"చూశారా, దాని ఉపవాసం ఫలించింది," అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పన్నెండేళ్లూ నేనొక్కదాన్నే ఉన్నాను. మీరుండటం ఇదే మొదలు. ఇక మనకీ..."

వీరరాఘవయ్య తెచ్చిన మాటని నోట్లోనే ఉంచుకున్నాడు.

"వచ్చే ఏడు కూడా ఉంటాను," అన్నాడు.

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు నుంచే," అన్నాడు.