పైపులు పగిలిన ఇల్లు

"క్షమించండి. ఇంట్లో పైపులు పగిలాయి. మరమ్మతు నడుస్తోంది. మీరడిగిన రోజుల్లో గది ఇవ్వలేం."

సోని ఆ మెసేజీ చదివి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె బోటనీ లెక్చరర్. తల్లి కమ్లికి పడవ ఎక్కాలని కోరిక. ఏన్కూరు దగ్గరి తండాలో పత్తి ఏరుతూ, మిరప కోస్తూ అరవై దాటించిన మనిషి. గోదావరిని బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప నీళ్ల మీద ఎన్నడూ పోలేదు. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని సోని పాపికొండల పడవకు టిక్కెట్లు తీసింది. ముందురోజు ఉండటానికి భద్రాచలం దారిలో, అడవి అంచున, జామాయిల్ తోట పక్కన ఒక పెంకుటిల్లు నచ్చింది. ఇళ్లలో గదులు కిరాయికిచ్చే యాప్‌లో దొరికిన ఇల్లది.

ఆ యాప్‌లో గది అడగాలంటే అడిగేవాళ్ల ఫోటో ఉండాలి. ఇచ్చేవాళ్లకు నమ్మకం కలగాలట. సోని పెట్టిన ఫోటోలో ఇద్దరున్నారు. ఎమ్మెస్సీ పట్టా తీసుకున్న రోజున తీసింది. నల్ల గౌనులో సోని, ఆమె భుజం పట్టుకుని కమ్లి. అద్దాలు కుట్టిన రవికె, ఎర్ర లంగా, మోచేతి పైదాకా తెల్ల గాజులు. లంబాడీలని చెప్పడానికి వేరే ఆధారం అక్కర్లేని ఫోటో.

"మళ్లీ లేదన్నారా?" అంది పక్క కుర్చీలోని రాజ్యశ్రీ. ఇంగ్లీషు లెక్చరర్. మధిర పిల్ల. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకటే టిఫిన్ డబ్బా అన్నట్టు ఉండేది. ఈ ప్రయాణానికి కారు ఆమెదే.

"పైపులు పగిలినయట. పోయిన నెల ఇంకొకాయన ఇంటికి సున్నం ఏస్తున్నమన్నడు. నేనడిగినప్పుడే అందరి ఇండ్లకు రోగమొస్తది."

"ఉండు, నేను చూస్తా." రాజ్యశ్రీ తన ఫోన్‌లో అదే ఇల్లు, అవే రోజులు అడిగింది. అటెండర్ తెచ్చిన టీ చల్లారకముందే జవాబొచ్చింది. 'తప్పకుండా రండమ్మా. మీకోసం ఎదురుచూస్తుంటాం.' చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

"పైపులు జల్దీగనే బాగయ్యాయే!" అని రాజ్యశ్రీ నవ్వబోయి, సోని మొహం చూసి ఆగిపోయింది. "వదిలెయ్యవే. వేరేది చూద్దాం."

"వద్దు. గాడికే పోదాం."

"ఎందుకే, కయ్యానికా?"

"ఆమె మొహం చూడాలె. నన్ను చూసి ఏ పైపు పగిలిందంటదో వినాలె."

రాజ్యశ్రీ కాసేపు ఆలోచించి, "సరే, నేనుంటాగా. మాట్లాడేది నేనే," అంది.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ ఆ ఇంటి ముందు దిగారు. గేటు తీసిన ఆమె నిర్మలాదేవి, ఇంటి యజమానురాలు. యాభై ఐదేళ్లుంటాయి. తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని, చూడగానే పెద్దింటి మనిషనిపించేట్టు ఉంది. రాజ్యశ్రీ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది.

"ఫోటోలో కన్నా సన్నగా ఉన్నావమ్మాయ్! ఏ ఊరు మీది?"

"మధిరండీ. అమ్మావాళ్లది ముదిగొండ."

"ముదిగొండా? ఎవరింటి పిల్ల?"

"వెంకటప్పయ్యగారి మనవరాలినండీ."

నిర్మలాదేవి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "అయ్యో పిచ్చిపిల్లా, ముందే చెప్పొద్దూ! మీ తాతయ్యా మా మామగారూ కృష్ణా జిల్లా నుంచి ఒకే ఏడాది వచ్చారు. మీ పెద్దమ్మ కూతుర్ని ఇచ్చింది మా ఆడపడుచు ఇంట్లోనే. చుట్టాలమే మనం!" లోపలికి కేకేసింది. స్టీలు గ్లాసులో మజ్జిగ వచ్చింది. ఒక్క గ్లాసు.

సోని, కమ్లి ఇంకా మెట్ల కిందే ఉన్నారు. సంచి సోని చేతిలో ఉంది. ఎండకు కమ్లి గాజులు మెరుస్తున్నాయి. నిర్మలాదేవి అప్పుడు వాళ్లవైపు చూసింది. ఒక్క క్షణం కళ్లు చిన్నవయ్యాయి. ఎక్కడో చూసిన మొహాలు. వెంటనే సర్దుకుంది.

"పనివాళ్లను తెచ్చుకున్నావా అమ్మాయ్? పర్లేదులే. వెనకాల ఎరువుల షెడ్డు పక్కన గదుంది, అక్కడ పడుకుంటారు. బోరు కూడా అటే. ఇటు బాత్రూముల్లోకి మాత్రం రానీకు."

సోని రాజ్యశ్రీ వైపు చూసింది. రాజ్యశ్రీ మజ్జిగ గ్లాసులోకి చూసింది.

"మా కాలేజీలో చేస్తారండీ," అంది మెల్లగా.

అబద్ధం కాదు. నిజమూ కాదు. వినేవాళ్లకు ఎట్లా కావాలంటే అట్లా వినబడే మాట. నిర్మలాదేవి తనకు కావలసినట్టే విని తలూపింది. సోని సంచి కింద పెట్టింది. ఆ ఇంటామె నోటి నుంచి ఏ మాట వచ్చినా ఎదుర్కొందామని పళ్లు నూరుకుంటూ వచ్చింది గాని, ఈ దెబ్బ ఇటువైపు నుంచి పడుతుందనుకోలేదు.

లోపలి నుంచి ఒక పనమ్మాయి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తెచ్చి, కమ్లి చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టింది. కమ్లి ఆ సీసానూ, పైన రాజ్యశ్రీ చేతిలోని స్టీలు గ్లాసునూ చూసింది. వంగి సీసా తీసి మూతైనా విప్పకుండా పై మెట్టు మీద పెట్టింది.

"తీసుకపో బిడ్డా. దూప తీరింది," అంది.

సోని మెట్లెక్కింది.

"నేను పనిమనిషిని కాదు. లెక్చరర్‌ని. నా పేరు సోని. బుధవారం నేనే మిమ్మల్ని గది అడిగిన. పైపులు పగిలినయన్నరు. ఏ పైపులండీ, చూపించుండ్రి." ఫోన్ తెరిచి నిర్మలాదేవి మొహం ముందు పెట్టింది.

నిర్మలాదేవి ఫోటో చూసింది. తడబడలేదు. అప్పటిదాకా గొంతులో ఉన్న తియ్యదనం మాత్రం ఇంకిపోయింది.

"అయితే దొంగపేరుతో వచ్చారన్నమాట."

"పేరు రాజ్యశ్రీది. ముగ్గురం వస్తున్నమని రాసింది."

"మీరని రాయలేదుగా! చూడమ్మా, ఇది హోటలు కాదు, నా ఇల్లు. దేవుడి గది ఉంది, వంటిల్లుంది. ఎవర్ని రానివ్వాలో నా ఇష్టం. ఫోటో పెట్టమనేది ఎందుకనుకున్నావ్? మొహం చూసి నమ్మకం కుదిరితేనే గది ఇస్తాం."

"మొహం చూసిండ్రా? మా యాడి, మా అమ్మ గాజులు చూసిండ్రా?"

"ఏం చూస్తే నీకెందుకు? పోయినేడు కుర్రాళ్లొచ్చి తాగి, ఈ ఉయ్యాల విరగ్గొట్టి పోయారు. అప్పట్నుంచీ జాగ్రత్తగా ఉంటున్నాం."

"ఆ పిలగాండ్ల ఫోటోలు మంచిగనే ఉండొచ్చు. వాళ్లకు పైపులు పగలలే గద?"

నిర్మలాదేవి రాజ్యశ్రీ వైపు తిరిగింది. "ఏమిటమ్మాయ్ ఇది? చుట్టమై ఉండి, నా గుమ్మంలోకి వీళ్లను తెచ్చి తగువు పెట్టిస్తావా?"

"సోనీ, వదిలెయ్," అంది రాజ్యశ్రీ. "సీన్ చెయ్యకు. నేను నిదానంగా మాట్లాడతా."

"మాట్లాడు. నిదానంగనే మాట్లాడు. పనోళ్లు గాదు, నా దోస్తు, వాళ్లమ్మ అని చెప్పు. గా ఒక్క ముక్క చాలు."

రాజ్యశ్రీ గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగింది.

ఈ గొడవ విని తోటలోంచి నిర్మలాదేవి కొడుకు సాయికిరణ్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. వస్తూనే సోని చేతిలోని ఫోన్ చూసి, "వీడియో తీస్తున్నావా?" అంటూ లాక్కుని ముంగిట్లోకి విసిరాడు. కమ్లి పరుగున పోయి ఏరుకుంది. అతను వాళ్లను గేటు దాకా తోలుకుంటూ వచ్చాడు. చెయ్యి వెయ్యలేదు. నోరే వేశాడు. రోడ్డు మీద నిలబడి లంబాడోళ్లకు ఇళ్లలో గదులేందిరా అన్నాడు. తండాల్లో పడుండక ఎగబడుతున్నారన్నాడు. కమ్లి లంగాను చూపించి ఒక బూతు మాట కూడా అన్నాడు.

అదే సమయానికి ఒక ఆటో వాళ్ల తోటలోని పామాయిల్ గెలలు ఎక్కించుకోవడానికి గేటు ముందు ఆగి ఉంది. నడిపే జంపయ్య ఆ పక్క గూడెం కోయ మనిషి. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అంతా విన్నాడు. సాయికిరణ్ లోపలికి పోయాక, "ఏడికి పోతరు?" అని అడిగాడు.

"భద్రాచలం," అంది సోని.

"ఎక్కుండ్రి."

సోని వెనక్కి తిరిగి చూసింది. వరండాలో రాజ్యశ్రీ నిలబడి ఉంది. నిర్మలాదేవి చెయ్యి ఆమె భుజం మీద ఉంది. 'నేనొస్తా, మీరు పోండి' అన్నట్టు రాజ్యశ్రీ ఏదో సైగ చేసింది. రాలేదు. ఫోనూ చెయ్యలేదు. మర్నాడు పొద్దున పడవ దగ్గరికీ రాలేదు.

కమ్లి పడవెక్కింది. కమ్మీ పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. కొండలు దగ్గరపడ్డాక, "ఆ రాజ్యశ్రీని నేను బిడ్డ అన్న గదనే," అంది.

సోమవారం సోని యాప్‌వాళ్లకు మొత్తం రాసి పంపింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఇంటివాళ్లు తన మీదే ఫిర్యాదు చేశారట, వేరేవాళ్ల పేరుతో చొరబడి దుర్భాషలాడిందని. గది తీసుకున్న రాజ్యశ్రీగారిని అడిగాం, చిన్న అపార్థం జరిగిందని చెప్పారు, కాబట్టి విషయం ఇంతటితో ముగిస్తున్నాం. ఇకముందు మీరొక్కరే స్పష్టంగా కనిపించే ఫోటో పెట్టుకోగలరు.

సోని ఆ జవాబును స్టాఫ్‌రూములో అందరికీ వినబడేలా చదివింది. రాజ్యశ్రీ పేపర్లు దిద్దుతూనే ఉంది.

"అపార్థమా రాజ్యం?"

"నేనేం చెయ్యనే? చుట్టాలని తేలింది. మా పెద్దమ్మ కూతురు ఆ ఇళ్లల్లో కాపురం చేస్తోంది. రేపు దాన్నంటారు. నా ఇబ్బంది నువ్వు అర్థం చేసుకోవా?"

"మూడేళ్లు నా డబ్బాల నుంచి తిన్నవ్. అప్పుడు నీకు ఏ చుట్టాలు యాదికి రాలే."

"తిన్నదానికి లెక్క కడుతున్నావా?"

"నేను గట్టుడు గాదు. నువ్వే గట్టినవ్, గా వరండాల నిలబడి."

ఆ మధ్యాహ్నం నుంచి సోని తన టిఫిన్ డబ్బా లాబ్‌కు తీసుకుపోయి తిన్నది.

వారం తిరగకముందే తల్లిని వెంటబెట్టుకుని ఆ ఊరి పోలీస్ స్టేషనుకు పోయింది. ఎస్సై రాజీ గురించి మాట్లాడాడు. ఇంటికి రానివ్వకపోతే కేసేంటమ్మా అన్నాడు. రోడ్డు మీద కులం పేరుతో తిట్టారు, నలుగురూ వినేట్టు తిట్టారు, అది కేసు కాదని రాసివ్వండి అంది సోని. సాయంత్రం దాకా బెంచీ మీంచి లేవలేదు. చివరికి కేసు రాశారు. విన్నవాళ్లెవరని అడిగారు. రాజ్యశ్రీ పేరు చెప్పింది. ఆటో మనిషి పేరూ చెప్పింది.

విచారణకొచ్చిన అధికారి ముందు రాజ్యశ్రీ, తాను లోపల కాఫీ తాగుతున్నాననీ, గేటు దగ్గర ఏం జరిగిందో వినలేదనీ చెప్పింది. ఆ కాగితం చదివి వినిపించినప్పుడు కమ్లి, "గట్ల జెప్పిందా?" అని ఒక్కసారే అడిగింది.

ఇక మిగిలింది జంపయ్య. సోని తల్లిని తీసుకుని అతని గూడేనికి వెతుక్కుంటూ పోయింది. ఇంటి ముందు ఆటో టైరు విప్పుతున్నాడు. వీళ్లను చూసి లేవలేదు.

"కేసన్నరు. నా పేరు రాయించినవట."

"అవ్. నువ్వు విన్నవ్ గద అన్నా."

"నన్ను అన్నా అనకు. మీకూ మాకూ పడదు. మాకు రావాల్సిన కొలువులు మీ లంబాడోళ్లే ఎత్కపోయిన్రు. మొన్న మీటింగుల గూడ మీకు ఎదురుగ జెండా పట్టిన."

"తెలుసు," అంది సోని. ఆమెకూ కోపం వచ్చింది. ఆ మాటకు చెప్పాల్సిన జవాబులు నాలిక మీదే ఉన్నాయి. మింగింది. "గా లొల్లి మనకు ఉండనే ఉన్నది. నేనొచ్చింది దానికి గాదు. గేటు కాడ విన్నది చెప్తవా, చెప్పవా?"

జంపయ్య టైరు పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. కమ్లిని చూశాడు.

"ముసలమ్మను అన్న మాట మంచిగ లేకుండె," అన్నాడు. "ఇన్నది ఇన్నట్టు చెప్త. ఎక్కువ చెప్ప, తక్కువ చెప్ప. నువ్వు మళ్ల మా గూడేనికి రావాల్సిన పని లేదు."

విచారణ అధికారి ముందు అట్లాగే చెప్పాడు కూడా. ఆ మర్నాటి నుంచి సాయికిరణ్ వాళ్ల తోట గెలలు వేరే ఆటోలో పోయాయి. ఆ చుట్టుపక్కల నాలుగు తోటలవాళ్లూ జంపయ్యను పిలవడం మానేశారు. సారపాక అడ్డా మీద మనుషుల్ని ఎక్కించుకుంటున్నాడని సోనికి తెలిసింది. పోయి ఏమైనా చెప్పాలనిపించింది. రావద్దన్నాడు కాబట్టి పోలేదు.

యాప్‌లో ఆ ఇల్లు కొన్నాళ్లు కనబడలేదు. వేసవిలో మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇచ్చేవాళ్ల పేరు సాయికిరణ్. ఫోటోలో అతను ఎవరో పిల్లను ఎత్తుకుని నవ్వుతున్నాడు. కింద అతిథులు రాసిన మెప్పులు వరుసగా ఉన్నాయి. సొంత ఇల్లులా ఉంది, ఆంటీగారి చేతి పెసరట్టు మరిచిపోలేం.

కేసు కొత్తగూడెం కోర్టుకు చేరింది. నిర్మలాదేవి, సాయికిరణ్‌ల తరఫు వకీలు వాయిదా మీద వాయిదా అడుగుతున్నాడు. ప్రతి వాయిదాకూ సోని సెలవు పెడుతుంది, కాలేజీవాళ్లు జీతం కోస్తారు. ఒక వాయిదా రోజు పొద్దున సెలవు చీటీ ఇచ్చి వస్తుంటే రాజ్యశ్రీ కారిడారులో దారికి అడ్డంగా నిలబడింది.

"ఎన్నాళ్లే ఈ కోపం? నేను నీకేమన్నా చెడు చేశానా? నోరు మూసుకున్నా, అంతేగా."

"కోపం గా ఇంటోళ్ల మీద," అంది సోని. "దానికి కోర్టున్నది. నీకేమున్నది?"

పక్కనుంచి తప్పుకుని బస్టాండుకు పోయింది. ముందురాత్రే ఏన్కూరు నుంచి వచ్చిన కమ్లి అప్పటికే కొత్తగూడెం బస్సులో సీటు పట్టుకుని, కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. ఆ రోజు వాయిదాకు తన సాక్ష్యం ఉందని, అద్దాల రవికె, ఎర్ర లంగా కట్టుకుని, గాజులన్నీ వేసుకుని వచ్చింది.

"జల్దీ ఎక్కు," అంది. "జడ్జి కంటే ముందు పోవాలె."