నేల మీద మల్ బూర

గల్ఫ్ కూలీలుండే సజ్జా క్యాంపులో సిడాం లింగుకు గోండి నేర్పుతున్నది ఆత్రం జంగు. హాస్టల్లో పెరిగి ఇంటి భాష పోగొట్టుకున్న లింగు, ఈ దీపావళికి ఊళ్లో నానమ్మతో ఆ భాషలోనే మాట్లాడాలని పట్టుపట్టాడు. ముసలాయన పద్ధతి ఒకటే. బొమ్మ వేస్తేనే మాట చెబుతాడు. నెమలిని వేస్తే "మల్" అన్నాడు, నీళ్లు వేస్తే "యేర్" అన్నాడు.

శుక్రవారం లింగు అట్టపెట్టె మీద దీపావళికి గోండులు ఆడే దండారి పండుగ వేశాడు. అందులో ఆడి అలసిన నర్తకుడు, గుస్సాడి, కూర్చున్నాడు. అతని నెమలి ఈకల కిరీటం, మల్ బూర, పక్కనే నేల మీద ఉంది. జంగు చూసి, పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమైంది కాకా? మంచిగ రాలేదా?"

"మల్ బూర దేవుడురా. మన్నుల పెడ్తవా? ఖలాస్, ఇగ నేర్ప."

లింగు కుంచె తీసి, ఆ కిరీటాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న ఒక ముసలాయనను వేశాడు. అతనికి జంగు ముఖమే పెట్టాడు.

జంగు లేచి వచ్చి చాలాసేపు చూశాడు.

"నా ముక్కు గింత పెద్దగుంటదా?"

"జర తక్కువనే ఏసిన కాకా."

ముసలాయన పకపకా నవ్వాడు. తువ్వాలు నడుముకు బిగించి, మంచాల సందున గుస్సాడి అడుగు వేశాడు.

"గిది ఎయ్యి. దీనికి మాటలు శాన ఉన్నయి."