ఐదు ఊళ్ల పసుపు రంగు

కమిటీ బావ చేసిన ద్రోహం పెయింటరుకు పళ్ల సందున ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. నాలుక ఎప్పుడూ అటే పోతుంది, అదేమో ఊడి రాదు.

కమిటీ బావ అంటే పెయింటరు భార్యకు స్వయానా అన్న. ఊళ్లో ఎవరు ఏ సంఘం పెట్టినా అందులో ఒక కుర్చీ ఆయనకు ఖాయం, అందుకే ఆ పేరు. టీకాల పరిశోధనశాల వెనక ఖాళీ స్థలాన్ని బావా బావా చెరిసగం వేసుకుని కొన్నారు. పెయింటరు అక్కడ రంగుల దుకాణం పెట్టాలనుకున్నాడు. "కాగితాల పని నీకెందుకు బావా, నేను చూసుకుంటాగా" అన్నాడాయన. చూసుకున్నాడు. ఎంత బాగా చూసుకున్నాడంటే, కాగితంలో తన పేరొక్కటే పెట్టుకున్నాడు. ఇప్పుడా స్థలం మొత్తాన్నీ, ఇంట్లో మాటమాత్రం అనకుండా, పరిశోధనశాలకు ఇస్తానని పెద్దల ముందు మాటిచ్చి వచ్చాడు.

ఆ పరిశోధనశాల కథ కూడా అలాంటిదే. డబ్బిచ్చేవాళ్లకు కొదవ లేదు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. వచ్చిన ప్రతి దాతా ఒక పెద్ద ఫ్రీజరు కొనిపెట్టి, దాని మీద తన పేరు పలక తగిలించి, ఫొటో దిగి వెళ్లిపోయాడు. అలా మూడు ఫ్రీజర్లు చేరాయి. చేతి తొడుగులు కొనడానికి దిక్కులేదు, పని నేర్పే మనిషి లేడు. మూడోదాన్ని ప్లగ్గులో కూడా పెట్టలేదు. దానికి క్యాలెండరు తగిలించుకున్నారు.

చివరికి ఎవరో బుద్ధిమంతుడు దాతలందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. ఇకనుంచి డబ్బంతా ఒకే చోట వేస్తారట, యంత్రాల కంటే ముందు మనుషులకు పని నేర్పిస్తారట. ఐదు దేశాల్లో ఐదు ఊళ్లను ఎంచారు. షరతులు రెండు. నేర్చుకునేవాళ్లు ఉండే గదులకు స్థలం ఊరివాళ్లే ఇవ్వాలి. ఈ ఊరివాళ్లు కొందరిచ్చిన ఒకే రక్తం నమూనాలను ఐదు ఊళ్లలోనూ విడివిడిగా పరీక్షిస్తే, ఐదు చోట్లా ఒకే ఫలితం రావాలి. రాని ఊరికి డబ్బు లేదు, కాబట్టి స్థలమూ అక్కర్లేదు.

ఈ ఊరి పరీక్ష చేస్తున్నది పెయింటరు కూతురు.

పరీక్ష తప్పాలి అనుకుంటూనే ఆ రోజు పెయింటరు పరిశోధనశాల మెట్లెక్కాడు. తప్పితే పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. స్థలం పోతే మళ్లీ వస్తుందా?

రక్తమిచ్చినవాళ్లను పరీక్ష గది అద్దం ఇవతల కుర్చీల్లో కూర్చోబెట్టారు. కమిటీ బావ అప్పటికే ముందు వరసలో ఉన్నాడు.

"నువ్వూ వచ్చావా బావా?"

"రక్తం ఇచ్చాను, స్థలం ఇచ్చాను. ఒంటి మీద ఇంకేం మిగిలిందో చూసుకుందామని వచ్చాను," అన్నాడు పెయింటరు.

"పిల్ల కోసమేగా చేసింది!"

"పిల్ల కోసమా, పలక మీద పేరు కోసమా? నాకు తెలీదా నీ సంగతి!"

కమిటీ బావ అద్దం వైపు తిరిగాడు.

లోపల అమ్మాయి ముందు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పళ్లెం, దాని నిండా చిన్న చిన్న గుంటలు. పొద్దున్నుంచీ వాటిలో బొట్టు బొట్టుగా ఏవేవో పోస్తూ, కడుగుతూ ఉంది. చూస్తుండగానే గుంటల్లోకి నీలం ఊరింది. తర్వాత ఆమె ఇంకో బొట్టు వేసింది. నీలం మాయమై పసుపు వచ్చేసింది. పెయింటరు కుర్చీలోంచి సగం లేచాడు. ఆయనెరిగిన లోకంలో నీలం మీద ఏం పోసినా నీలం చావదు. ఇక్కడ దాని ఆనవాలు కూడా లేదు.

అమ్మాయి పళ్లేన్ని అద్దం దగ్గరికి తెచ్చింది. గోడకున్న స్పీకరులోంచి ఆమె గొంతు వచ్చింది. "నాన్నా, ఈ రెండు గుంటలూ ఒకే రంగా?"

"ఒకటే. నా కళ్ల మీద ఒట్టు."

ఆమె పళ్లేన్ని యంత్రంలో పెట్టి అంకెలు చూసింది. "కాదు. ఇది కాస్త ముదురు. మనింటి గోడలు అలా ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది."

అందరూ నవ్వారు. పెయింటరు కూడా మీసాల చాటున నవ్వి, వెంటనే మొహం గంటు పెట్టుకున్నాడు.

పరిశోధనశాల పెద్ద డాక్టరమ్మ గోడ మీద తెర వెలిగించింది. ముందు అమ్మాయి అంకెలతో గీసిన గీత వచ్చింది, ఎత్తుగా మొదలై మెల్లగా దిగుతూ. మిగతా నాలుగు ఊళ్ల ఫలితాలు అంతవరకు ఎవరికీ చూపించలేదు. రెండో ఊరి గీత వచ్చి మొదటిదాని మీద కూర్చుంది. మూడోది. నాలుగోది. ఐదోది వెంట్రుకవాసి పక్కకు జరిగి, "అంత తేడా ఉండొచ్చు" అని డాక్టరమ్మ అనేలోపే మళ్లీ వాటిలో కలిసిపోయింది.

పెయింటరు తెర దగ్గరికి జరిగాడు. ఒకే డబ్బా, ఒకే బ్రష్షు, ఒకే గది. అయినా తన గోడకూ తన పనివాడి గోడకూ రంగు ఎన్నడూ కలవలేదు. యజమానులు తిట్టని ఇల్లు లేదు. ఈ ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. మధ్యలో సముద్రాలున్నాయి. ఐదుగురికీ ఒకే పసుపు!

డాక్టరమ్మ రక్తమిచ్చిన ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎవరి ఫలితం వాళ్లకు చెప్పింది. పెయింటరు వంతు వచ్చింది.

"అన్నింటికంటే ముదురు గుంట మీదేనండీ. మేం టీకా చేస్తున్న ఈ జ్వరం చిన్నప్పుడు మీకు వచ్చిందా?"

"వచ్చిందమ్మా, నాలుగేళ్లప్పుడు. నాకూ తమ్ముడికీ ఒకేసారి. వాడు దక్కలేదు."

"మీ రక్తం ఆ జ్వరాన్ని ఇంకా మరిచిపోలేదు. ఈ జ్ఞాపకాన్నే, జ్వరం రాకుండా, పిల్లల ఒంటికి నేర్పాలని మా తంటా అంతా."

తమ్ముడి మొహం పెయింటరుకు గుర్తులేదు. ఫొటో లేదు. చెప్పుకుందామంటే అమ్మా నాన్నా పోయారు. వాడు ఉన్నాడని ఎరిగినవాళ్లు లోకంలో ఎవరూ లేరనుకున్నాడు ఇన్నాళ్లూ. వాణ్ని తీసుకుపోయినదాన్ని తన ఒళ్లే ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకుని, మళ్లీ గడప తొక్కకుండా కాపలా కాస్తోంది. తనకు చెప్పకుండా, తను నిద్రపోతున్నా, తాగి పడున్నా. ఆయన తన మోచేతి మడత వైపు, సూది గుచ్చిన చోటు వైపు, పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

అమ్మాయి తొడుగులు విప్పి బయటికొచ్చింది. "కలిసింది నాన్నా."

"చూశానే," అన్నాడు. ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు.

కమిటీ బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు సరే అన్నావంటే నాకు కంటినిండా నిద్ర పడుతుంది బావా."

"స్థలానికి సరే. నువ్వు చేసినదానికి మాత్రం, నిద్ర పట్టక నువ్వు చావాల్సిందే."

కిటికీలోంచి వెనక స్థలం కనిపిస్తోంది. అప్పుడే ఎవరో మేకులు పాతి తాడు లాగుతున్నారు. మొత్తం రెండు వందల నలభై గజాలు. అందులో పెయింటరుది రోడ్డు వైపు సగం, నూట ఇరవై గజాలు. నాలుక మళ్లీ అటే పోయింది.