పూత మీద మెరిసిన చుక్క

ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించనిది ఎవరన్నదాని మీద పొద్దున్నే మా ఇంట్లో పంచాయితీ. నీళ్ళు చల్లారిపోయాయి. ఆఖరున తాగింది మా ఆయనే. ఆ సంగతి అత్తగారికీ తెలుసు. అయినా తీర్పు నా మీదికే వచ్చింది.

"వేడి గురించి అంత చదివావు, ఓ మూత బిగించడం రాదా?" అన్నారాయన.

చదివాను. పాప పుట్టకముందు నాలుగేళ్ళు ల్యాబులో పనిచేశాను కూడా. సినిమాలూ ఫైళ్ళూ దాచుకునే డిస్కుల్లో, వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు మించని పూత ఒకటుంటుంది. లేజరు వేడి తగిలిన చోట పూత మారుతుంది. ఆ మార్పే రాత. ఆ వేడి పూతలోంచి ఎంత తొందరగా జారిపోతుందో కొలవడం నా పని. "చల్లారిందో లేదో చూడ్డానికి మిషనెందుకే, వేలు పెడితే పోలా?" అని అత్తగారు చుట్టాలను నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. మాట బాగుంటుంది మరి.

మొన్న ల్యాబు నుంచి మా పాత మేడమ్ ఫోన్ చేసి మళ్ళీ చేరమన్నారు. ఒక పూటో, రోజంతానో, ఈరోజుకల్లా చెప్పమన్నారు. "ఒక పూటైతే సరే. ఒంటిగంటకల్లా వచ్చి అమ్మకి వేడిగా వడ్డించొచ్చు" అన్నారాయన, వరమిచ్చినట్టు. వాళ్ళమ్మ పదకొండింటికే తినేస్తారని ఆయనకు ఇన్నేళ్ళలో తెలియలేదు. పాప బడి నుంచి వచ్చేది సాయంత్రమే.

ఒకసారి చూసొద్దామని ల్యాబుకి వెళ్ళాను.

"పూత పూసిన ఒకే ముక్కకి ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోందక్కా. మిషను పాడైనట్టుంది" అంది అక్కడ పనిచేసే అమ్మాయి.

నాకూ అలాగే అనిపించి లెన్సులు తుడిచాను, అద్దాలు సరిచేశాను. లాభం లేకపోయింది. చివరికి ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే, కొలిచే లేజరు వెలుగు పడిన చోట మెరుస్తూ ఓ చుక్క. అంకె స్పష్టంగా రావాలని లేజరు బలం పెంచారట. ఆ వేడికి పూతే మారిపోయింది. ఒకటి కొలుస్తున్నామనుకుని ఇంకోటి కొలుస్తున్నారు.

బలం బాగా తగ్గించి, పక్కన మారని చోట చూశాం. తెర మీద గీత సన్నగా, వణుకుతూ వచ్చింది. కానీ ఎన్నిసార్లు చూసినా అదే అంకె. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

"ఇంకో ముక్క చూద్దామా అక్కా?"

చూశాం. తరవాత మరోటి. ఒంటిగంట ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. ఇంటి నుంచి ఎవరూ ఫోన్ చేయనూ లేదు. బయల్దేరే ముందు మేడమ్ గదిలోకి వెళ్ళి వచ్చాను.

రాత్రి అందరికీ వడ్డించి, నా కంచం కూడా తెచ్చుకుని వాళ్ళ మధ్యే కూర్చున్నాను. అత్తగారు కాస్త జరిగి చోటిచ్చారు.

"ఇంతకీ మీ మేడమ్‌కి చెప్పావా?" అన్నారాయన.

"చెప్పాను. రోజంతా వస్తానని. సోమవారం నుంచి. ఆ కూర గిన్నె ఇటు జరపండి."