భయం మోసిన బెలూన్లు

వాతావరణ పరిశోధన కేంద్రం పెరట్లో రోజూ ఒక బెలూను వదులుతారు. దాని కింద కట్టిన చిన్న పెట్టె పైనున్న చలినీ, తేమనీ, గాలి దిక్కునీ కిందికి చెబుతుంది. బెలూను ఎంత వేగంగా ఎక్కిందో చూస్తే, అక్కడి గాలి దాన్ని పైకి నెడుతోందో లేదో కూడా తెలుస్తుంది.

వదిలే పని చిన్నమ్మాయిది. ఇంట్లో రెండో కూతురు, ఆఫీసులో అందరికన్నా చిన్నది. రెండుచోట్లా అదే పిలుపు. భయమేస్తే ఆమె చేతిలో ఉన్న వస్తువు తేలికైపోయేది. అందుకే పరీక్షల రోజుల్లో వాళ్లమ్మ కంచాలు ముట్టుకోనిచ్చేది కాదు. "మళ్లీ ఇంటి కప్పుకి అంటుకుంటే నిచ్చెన ఎవరు ఎక్కుతారే?" అనేది.

ఈ ఊరి మీద గాలి ఎప్పుడూ పైకి లేస్తోందని కనిపెట్టినందుకు చిన్నమ్మాయికి యువ పరిశోధకుల బహుమతి ప్రకటించారు. అది చేతికొస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఈ నెలతో సరి. సభ ఆ సాయంత్రమే. ముస్తాబై ఆలస్యంగా వచ్చేసరికి, పెట్టె పంపే అంకెలు చదివే పొడుగాయన ఆ రోజు బెలూను వదిలేశాడు.

"ఇవాళ నీ గాలికి బద్ధకం పట్టింది తల్లీ! బెలూను మామూలుగానే ఎక్కింది" అన్నాడు.

చిన్నమ్మాయికి విషయం తట్టింది. తాడు జారుతుందేమో, బెలూను పగులుతుందేమో అని రోజూ వణుకుతూనే వదిలేది. లేస్తున్నది గాలి కాదన్నమాట.

చేతిలోని టీ కప్పు మెల్లగా పైకి పోయింది. పొడుగాయన అందుకుని బల్లమీద పెట్టాడు.

"అన్నయ్యా, ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతా? నీ లెక్క నమ్ముకుని వానలు చెప్పేవాళ్లు తిట్లు తింటారు. అంతేగా!"

సాయంత్రం పేరు పిలిచారు. వేదికెక్కింది. కేంద్రం డైరెక్టరమ్మ అందించిన జ్ఞాపిక ఆమె చేతుల్లోంచి లేచిపోతుంటే, ఆవిడే అంచు పట్టి కిందికి లాగింది.

"మేడమ్, ఇది నాకొద్దండీ. లేచింది గాలి కాదు. నా భయం."

డైరెక్టరమ్మ జ్ఞాపికని చంకలో పెట్టుకుంది. "బహుమతి లేదు. నీ ఉద్యోగం సంగతి..."

అంతలో పొడుగాయన తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు. తుఫాను ముంచుకొచ్చింది. వదిలిన బెలూన్లన్నిటినీ వాన నేలకి కొడుతోంది. పైగాలి తెలియకపోతే తుఫాను ఎటు తిరుగుతుందో, ఏ వీధులు ఖాళీ చేయించాలో చెప్పలేరు.

డైరెక్టరమ్మ చిన్నమ్మాయి రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది.

"ఇంకా భయంగా ఉందా?"

"చాలా ఉందండీ."

"అయితే పట్టుకో. వేగం లెక్క మనకొద్దు. పెట్టె పైకి చేరితే చాలు."

ఉరుము ఉరిమింది. చిన్నమ్మాయి కళ్లు మూసుకుని తాడు వదిలేసింది. బెలూను వానని చీల్చుకుంటూ పోయింది. లోపల పొడుగాయన అంకెలు చదవడం మొదలుపెట్టాడు.

"తుఫాను రోజులకి ఈ పిల్ల ఉండాల్సిందే" అంది డైరెక్టరమ్మ, నెత్తిమీద నీళ్లు తుడుచుకుంటూ.

చిన్నమ్మాయికి అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఎప్పుడైనా భయం వెయ్యకపోతేనో?