వదులు పిన్ను

"నువ్వు కూసో బిడ్డా. రొట్టెలు సుసన్నా చేస్తది తీ" అంది అత్త.

జొన్నపిండి గిన్నె పట్టుకుని కెరోలిన్ అట్లాగే నిలబడిపోయింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. క్రిస్మస్‌కు వచ్చినా, చావుకు వచ్చినా, కడుపుతో వచ్చినా, బ్యాగు దించిన చేత్తోనే చీపురో గరిటో అందుకోవలసిందే. ఇప్పుడొచ్చింది అత్త కంటి ఆపరేషన్‌కు. కొడుకు నతానియేలుకు చెన్నైలో బ్యాంకు సెలవివ్వలేదు. కోడలికి దొరికింది. ఆమెది సర్కారు నౌకరి, ఎప్పుడడిగినా ఇస్తారని అందరి నమ్మకం. నాలుగు రోజులుండి పోదామని గోదావరిఖని వచ్చిన మనిషి, సకల జనుల సమ్మెలో రైళ్ళు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడింది.

గనులు మూతపడ్డాయి. మగవాళ్ళు పొద్దున సమ్మె టెంటు కింద కూర్చుని, ఎండెక్కేసరికి క్వార్టర్లకు చేరుతున్నారు. మూడు షిఫ్టుల మగవాళ్ళు ఒక్కసారే ఇంట్లో ఉంటే మూడు షిఫ్టుల చాయ్ ఒక్క పొయ్యి మీదే మరగాలి. తోటికోడలు సుసన్నా తెల్లారి లేస్తే నడుం వాల్చడం లేదు. అలాంటప్పుడు తనను కూర్చోమనడమేమిటి? నిన్న సుసన్నా భర్త, బావ రాజ్‌కుమార్ వెతికి వెతికి మేక కాళ్ళు తెచ్చాడు. "మా కెరోలిన్‌కు పాయ ఇష్టం" అన్నాడు. ఆమెకేది ఇష్టమో ఆయనకెప్పుడు తెలిసింది? మొన్న ఎదురింటాయనతో "మా మరదలు పేటెంట్ల ఆఫీసరు" అని చెప్తుంటే విన్నది. తొమ్మిదేళ్ళుగా ఆ నౌకరి పేరు ఈ ఇంట్లో "ఏదో టైపింగు పని".

చెన్నై పేటెంటు ఆఫీసులో ఆమె ఎగ్జామినర్. ఎవరో ఒకరు 'ఇది నేను కనిపెట్టాను' అని దరఖాస్తు పెడతారు. ఆమె దాన్ని నమ్మకూడదు. నమ్మకపోవడానికే జీతం. ఇంతకు ముందు ఎవరైనా చేశారా, ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనా, చెప్పినదంతా నిజమేనా అని వెతకాలి. ఆఫీసులో ఆ అనుమానం మంచి గుణం, ఇంట్లో అదే జబ్బు. "నీకు ప్రతిదీ అనుమానమే" అని నతానియేలు మొదట్లో నవ్వుతూ అనేవాడు, రెండో ఏటి నుంచి నవ్వడం మానేశాడు. ఆఫీసులో ఆ మంచి గుణానికి ఎంత విలువుందో మిక్సీల, గ్రైండర్ల ఫైళ్ళు వచ్చినప్పుడు తెలిసేది. "మేడమ్‌కివ్వండి, ఇంట్లో వాడే అలవాటుంటుంది" అనేవాడు పై అధికారి. ఆమె ఎం.టెక్. చదివింది హై వోల్టేజి మీద.

తిన్న తర్వాత అసలు సంగతి బయటపడింది. రాజ్‌కుమార్ రుమాలు విప్పి బొటనవేలంత ఇత్తడి వస్తువొకటి ఆమె చేతిలో పెట్టాడు.

"కనెక్టరమ్మా. ఫ్లెక్సిబుల్ వైరుల వెంట్రుకలసొంటి రాగి పోగులుంటయి గదా. స్క్రూ కింద పెట్టి బిగిస్తే చెదురుతయి, తెగుతయి, వేడెక్కి కాలుతయి. మా బొగ్గుబాయిల డ్రిల్లు మిషన్ల కేబుళ్ళు గట్లనే కాలేటియి. దీంట్ల పోగుల్ని మెలిపెట్టం, విప్పుతం. మొనదేలిన పిన్ను నడుమకు పోతది. పోగులు దాని సుట్టు పరుసుకుంటయి. పైకెల్లి టోపీ బిగిస్తే ఐపాయె. నేనే చేసిన. పేటెంటుకు పెట్టిన. గిప్పుడేమో ఈ పని తెలిసినోళ్ళకు ఎవలికైనా తట్టేదే అని మీ ఆఫీసోళ్ళు రాసిండ్రు."

"బావా, ఆగు" అంది కెరోలిన్. "మా ఆఫీసుల ఉన్న ఫైలు మీద నేను నోరు తెరిస్తే నా నౌకరి పోతది. జవాబు రాసిచ్చినా తప్పే."

"రాయమని ఎవలన్నరు? ఆ రాసిన సారుది నీ పక్క సీటేనట గదా. ఒక్క మాట చెప్తె సాలు. నతానియేలు చెప్పిండు, నువ్వు చూసుకుంటవని."

కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న అత్త మంచం మీది నుంచే అందుకుంది. "ఇంటోళ్ళకు అక్కరకు రాకపాయె, ఇగ గదేం నౌకరి బిడ్డా?"

కోపం వచ్చినప్పుడు చేతిలో ఏదుంటే దాన్ని తిప్పడం కెరోలిన్‌కు అలవాటు. వేలి కొస తగిలి కనెక్టర్ లోపలి పిన్ను గిర్రున తిరిగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తిరిగింది.

"ఈ పిన్ను తిరుగుతున్నదేంది బావా?"

"శాంపిలు గదా, ఫిట్టింగు లూజైంది. ఇంకో పీసుల గట్టిగ దిగ్గొడ్త."

వంటింట్లో సుసన్నా చివరగా తన రొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఒక్క క్షణమే. మళ్ళీ మొదలైంది. కెరోలిన్‌కు మాత్రం ఆ క్షణం చాలింది. పిన్ను బిగుసుకుని ఉంటే, టోపీ తిప్పేటప్పుడు పోగులు దానికి మెలిపడి తెగిపోతాయి. వదులుగా ఉంటే పోగులతో పాటు అదీ తిరుగుతుంది, ఒక్క పోగూ తెగదు. పిన్ను, టోపీ ఇంతకు ముందు ఎవరో ఒకరు చేసే ఉంటారు. ఆ వస్తువులో కొత్తదంటూ ఏదైనా ఉంటే, ఆ వదులే. దాన్నే బావ లోపమంటున్నాడు. నేనే చేసిన అన్న మనిషికి అందులో ప్రాణమెక్కడుందో తెలియదు. మరి తెలిసిందెవరికి?

ఆ సాయంత్రం నతానియేలుకు ఫోను చేసింది.

"నేను చూసుకుంటనని నువ్వెట్ల చెప్పినవు?"

"అన్న అడిగిండు, చెప్పిన. ఒక్క మాట సాయం జేస్తే నీదేం పోతది?"

"నౌకరి పోతది."

"నీకు ప్రతిదీ అనుమానమే" అని అతను ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సుసన్నా వెనక నల్లా దగ్గర బట్టలుతుకుతోంది. కెరోలిన్ వెళ్ళి పక్కన కూర్చుని ఒక దుప్పటి అందుకుంది. వాడలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి ఫ్యాను తిరగకపోయినా ఈ క్వార్టరుకే తెస్తారు. "రాజ్‌కుమారన్న ఇల్లెక్కడ" అని అడుగుతూ వస్తారు, వైండింగు చుట్టేది మాత్రం సుసన్నా. మందమర్రిలో ఆమె తండ్రి గట్టయ్య గని కార్మికుడు. ఈమె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివింది, ఆ బ్యాచిలో ఒక్కతే ఆడపిల్ల. తండ్రి ఊపిరితిత్తులు చెడి ఇంటికొస్తే, ఆయన నౌకరి ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. కొడుకుల్లేరు. ఇంటివాళ్ళూ పెద్దమనుషులూ కూర్చుని అల్లుడి పేరు రాయించారు. రాజ్‌కుమార్ గనిలో ఎలక్ట్రీషియన్ అయ్యాడు, సుసన్నా వంటింట్లోకి వచ్చింది. ఇదంతా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. ఎవరూ దాన్ని కథ అనుకోలేదు. కెరోలిన్ కూడా అనుకోలేదు.

"అక్కా, ఆ పిన్ను వదులుగ ఎందుకున్నది?"

సుసన్నా తలెత్తలేదు. "నాకేం ఎరుక? మీ బావనడుగు."

"అడిగిన. లూజైందన్నడు."

"నిన్ను ఆయనే తోలిండా? నా నోట్లకెల్లి గుంజుకరమ్మని?"

కెరోలిన్ నొచ్చుకుంది. అయినా తప్పు పట్టలేకపోయింది. ఈ ఇంట్లో తన దగ్గరికెవరైనా మెత్తగా వస్తే తానూ ఇట్లాగే చూసింది కదా. "ఎవలు తోలలేదక్కా. నేను ఆడదాన్నని ఒక ఆఫీసరు నాకు మిక్సీల ఫైళ్ళే ఇస్తడు. వాటిల్ల ఏది కొత్తదో, ఏది కాదో చూసుడే నా పని. నిన్న దాన్ని తిప్పి చూసిన. అది లూజైంది గాదు. ఎవలో కావాలనే వదులుగ పెట్టిండ్రు."

సుసన్నా చాలాసేపు చొక్కా కాలరు రుద్దుతూనే ఉంది. కాలరు ఎప్పుడో తెల్లబడింది.

"బిగిస్తే మెలిపడుతయి" అంది చివరికి, పక్కింటివాళ్ళకు వినబడనంత మెల్లగా. "మెలిపడితే తెగుతయి. ఎన్ని పీసులు పాడుజేసిన్నో. జడ అల్లేటప్పుడు మన బిడ్డలు తల కదిలిస్తే చెయ్యి వదులు జేస్తం సూడు, తలతోటి మన చెయ్యి గూడ పోతది, ఎంటిక గుంజుకపోదు. గట్లనే దాన్నిగూడ తిరగనియ్యాలె అనిపించింది. నీ పేరెందుకు, ఇల్లొక్కటే గదా అన్నడు మీ బావ. సరే అన్న. పిన్ను ఎందుకు తిరుగుతదో అడుగుతడేమోనని సూసిన. ఇయ్యాల్టిదాక అడగలే. ఇగ నేను చెప్పలే."

కెరోలిన్‌కు మాట నోటి దాకా వచ్చింది. ఏ సెక్షను కింద ఏం చెయ్యవచ్చో ఆమెకు కంఠతా వచ్చు. చెప్తే బావ అడిగిన పనే సుసన్నాకు చేసినట్టవుతుంది. తప్పు ఎవరికోసం చేసినా తప్పేనా? ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ తన మీద తనకే అనుమానమొచ్చింది. మాట మింగడం నిజాయితీ వల్లా, భయం వల్లా?

"మంచిర్యాలల వకీళ్ళుంటరక్కా" అంది. "అసలు చేసినోళ్ళ పేరు లేకపోతే ఏంజెయ్యాలె అని అడుగు. నేను గంతవరకే."

సుసన్నా ఆమె వైపు మొదటిసారి నేరుగా చూసింది. "గంత సాలు" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ అన్నానికి కూర్చున్నారు. సుసన్నా వడ్డిస్తోంది. మర్నాటి నుంచి రైళ్ళు నడుస్తాయని వార్త వచ్చింది. రాజ్‌కుమార్ ఆగలేకపోయాడు.

"పోయేముందు ఒక్కటి చెప్పమ్మా. ఆ పిన్ను గట్టిగ బిగించి కొత్త శాంపిలు పంపితే పాసైతదా?"

అవునన్నా కాదన్నా ఆ ఫైలు మీద నోరు తెరిచినట్టే. కెరోలిన్ పళ్ళెం జరిపింది.

"పోయినంక మా ఆఫీసుల రాసిస్త బావా, దరఖాస్తు పెట్టినాయన మా బావేనని, ఆ ఫైలు దరిదాపులకు నన్ను రానియ్యొద్దని. పిన్ను సంగతి నన్నడగొద్దు. చేసినోళ్ళనడుగు."

"చేసింది నేనే గదా!"

రాజ్‌కుమార్ కళ్ళు మరదలి మీద నుంచి భార్య మీదికి వెళ్ళాయి. అతని మొహంలో కోపం కంటే ముందు భయం కనిపించింది.

"ఏం చెప్పినవ్ నువ్వు?" అన్నాడు సుసన్నాతో.

"ఏం చెప్పలే. చెప్పాల్నంటే నా పేరు పెట్టాలె."

"గిప్పుడా? అందరికీ నేనే చేసిన్నని తెలుసు. నా పరువేం గావాలె?"

అత్త మధ్యలోకి వచ్చింది. ఆమెకు గొడవలంటే గిట్టదు. "ఎవలి పేరైతేంది బిడ్డా? వచ్చేది ఇంట్లకే గదా."

సుసన్నా గిన్నె కింద పెట్టింది.

"గట్లయితె నా పేరే పెట్టుండ్రి అత్తా. ఇంట్లకే వస్తది గదా."

రాజ్‌కుమార్ చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అత్త ఒంటికన్నుతో గోడవైపు చూస్తూ ఉండిపోయింది. సుసన్నా తానూ పళ్ళెం పెట్టుకుని వచ్చి, అతని జాగాలో కూర్చుని అన్నం తిన్నది. ఆ ఇంట్లో అందరి తర్వాత కాక, అందరితో పాటు ఆమె కూర్చోవడం కెరోలిన్ చూడడం అదే మొదలు.

మర్నాడు కెరోలిన్ రైలెక్కింది. చెన్నైలో దిగిన రోజే ఆఫీసులో రాసిచ్చింది. పై అధికారి చదివి "అవసరమా ఇదంతా?" అన్నాడు. అవసరమే అంది. పనిలో పనిగా, ఇకమీద హై వోల్టేజి ఫైళ్ళు తనకూ వంతు ప్రకారం రావాలని అడిగింది. ఆయన చూస్తానన్నాడు. ఆ మాట కూడా ఆమె నమ్మలేదు, వారం వారం గుర్తుచేస్తూ పోయింది.

సంక్రాంతి దాటాక సుసన్నా ఫోను చేసింది. మంచిర్యాల వకీలు దగ్గరికి ఒక్కతే వెళ్ళిందట. నెల రోజులు రాజ్‌కుమార్ ఆమెతో మాట్లాడలేదట. జవాబు గడువు దగ్గరపడ్డాక, ఒక పొద్దున వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుని "పిన్ను ఎందుకు తిరుగుతది?" అని అడిగాడట. "నా పేరు రాసిన కాయితం చూపెట్టినంకనే చెప్పిన చెల్లె" అంది సుసన్నా. పేటెంటు వస్తుందో రాదో ఆమె అడగలేదు. కెరోలిన్ చెప్పలేదు.

నతానియేలు సోఫాలో పడుకుని అంతా వింటూనే ఉన్నాడు. "మా అన్న ఇంట్ల చిచ్చు పెట్టినవు" అన్నాడు, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా. "నేనిచ్చిన మాట పోయింది."

కెరోలిన్ ఫోను పక్కన పెట్టి, టీవీ ఆపి, అతని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నా తరఫున నువ్వు ఇంకా ఎవలెవలికి ఏమేం మాటలిచ్చినవో చెప్పు. ఒక్కొక్కటే వాపసు తీసుకుంట."