దారిలో ఉన్న జవాబు

పామర్రు చేపల బజారులో తెల్లవారకముందే మంచు పెట్టెలు దిగుతాయి. కొల్లేటి చేపలు ఒక వైపు, బందరు నుంచి వచ్చిన సముద్రపు చేపలు ఒక వైపు కుప్పలు పోస్తారు. వేలంపాట ముగిసేసరికి తూర్పున ఎరుపెక్కుతుంది. కొండలమ్మ తను పాడుకున్న చేపలను తట్టలకెత్తించుకుని, బల్ల కడిగి, కత్తిపీట ముందుకు లాక్కుని కూర్చుంటుంది. కొన్ని నెలలుగా ఆమె పక్కన ఆమె అక్క కూతురు హేమ కూర్చుంటోంది. తూకం హేమది, మాట కొండలమ్మది.

ఈ పంపకానికి కారణం బజారంతటికీ తెలుసు. కువైట్ నుంచి వచ్చిన నాటి నుంచి హేమకు జవాబులు ఆలస్యంగా వస్తున్నాయి. తనంతట తాను చెప్పే మాటలు సవ్యంగానే వచ్చేవి. ఎవరైనా ఏదైనా అడిగితే మాత్రం, జవాబు ఎక్కడో దూరాన బయలుదేరి నడిచి రావలసి ఉన్నట్టు, వ్యవధి తీసుకునేది. ఉప్పు సరిపోయిందా అని అడిగితే చేయి కడుక్కునే వేళకు సరిపోయిందనేది. నిద్ర పట్టిందా అన్న ప్రశ్నకు మరునాటి మధ్యాహ్నం దాకా ఆగవలసిందే. ప్రశ్న ఎంత లోతుదైతే జవాబు అంత దూరం నుంచి వచ్చేది. వచ్చాక ఇక తుమ్ములాంటిదే, ఆపడానికి వీలుండేది కాదు. ఎక్కడుంటే అక్కడ, ఎవరు వింటే వారి ఎదుట, నోటి వెంట వెలువడేది.

దేశాంతరం వెళ్ళి వచ్చిన వాళ్ళకు ఏదో ఒకటి వెనకబడడం ఆ ఊరికి కొత్త కాదు. బెల్లం వర్తకుడు రత్తయ్య పై దేశం నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన సామాను పెట్టె ఆయన తరువాత నెలకు గాని రాలేదు. హేమ జవాబులనూ అందరూ అలాగే అనుకున్నారు. కేజీ ఎంత అని ఆమెను అడిగిన వారు కూరగాయల వైపు ఒక చుట్టు తిరిగి వచ్చి ధర వినేవారు. అంతసేపు ఎదురుచూసి విన్న ధర మీద బేరమాడడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

“నీ నోటికి ఎంత విలువే. నాది చూడు, పొద్దుటి నుంచి ఊరికే అరిగిపోతోంది,” అని కొండలమ్మ నవ్వేది.

అయితే ఒక ప్రశ్న మిగిలి ఉంది. గన్నవరం విమానాశ్రయంలో హేమ బయటికి వచ్చిన రోజున కొండలమ్మ ఆ పిల్ల ముఖం చూసి, తెచ్చిన మంచినీళ్ళ సీసా ఇవ్వడం కూడా మరిచి, “ఏమైందే అమ్మా నీకు అక్కడ?” అని అడిగింది. దానికి జవాబు ఇంకా రాలేదు.

తల్లి పోయిన హేమను పెంచింది కొండలమ్మే. కువైట్‌లో హేమ, మాట పడిపోయిన ఒక పెద్దావిడకు సేవ చేసింది. ఆ ఇంట్లో వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పనులు చెప్పేవారు, జీతం వేళకు ఇచ్చేవారు, ఏమీ అడిగేవారు కారు. అడిగేది పిన్ని ఒక్కతే, శుక్రవారం ఫోనులో. బాగున్నావా అన్న మాట పూర్తి కాకముందే హేమ బాగున్నాననేసేది. ఏళ్ళ తరబడి అలా ముందే పంపేసిన జవాబుల వెనక, అసలు జవాబులు ఎక్కడ ఆగిపోయాయో ఆమెకే తెలియదు.

పిన్ని అడిగినదానికి జవాబు దారిలో ఉందని మాత్రం తెలుసు. అది దగ్గర పడుతున్న అలికిడి గుండెల్లో వినిపించేది. ఏమని వస్తుందో, వచ్చాక తను నిలబడగలదో లేదో తెలియదు. పెళ్ళిపందిట్లో వస్తే ఎలా, నడిరోడ్డు మీద వస్తే ఎలా అని పేరంటాలు మానింది, చర్చి పక్క సందులోని స్నేహితురాలి ఇల్లు మానింది. కొన్ని ఉదయాలు మంచం దిగడానికి కాళ్ళు ఒప్పుకునేవి కావు.

తాయెత్తు కట్టించమన్న వారున్నారు, పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయన్న వారున్నారు. కొండలమ్మ అందరి మాటా విని, పన్ను నొస్తే పంటి డాక్టరు దగ్గరికి పోయినట్టే మనసు నొస్తే మనసు డాక్టరు దగ్గరికి పోవాలని తేల్చి, హేమను విజయవాడ తీసుకువెళ్ళింది.

డాక్టరు మంచివాడే. కానీ గది బయట జనం మెట్ల దాకా ఉన్నారు. బతకాలని అనిపించడం లేదా అని ఆయన నెమ్మదిగానే అడిగాడు. ఆయన ఎదురుచూడగలిగినంత సేపు ఎదురుచూశాడు. హేమ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మిగిలిన సంగతులు కొండలమ్మను అడిగి తెలుసుకుని, నిద్రకు మాత్రలు రాసి, రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కంకిపాడు దాటింది. కండక్టరు జాన్‌బాబు జనాన్ని తోసుకుంటూ వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న హేమను ఎక్కడికండీ అని అడిగాడు.

“చచ్చిపోవాలని లేదండీ,” అంది హేమ. “కానీ పొద్దున లేవాలనీ లేదు.”

చుట్టుపక్కల సీట్లలో వాళ్ళు తిరిగి చూశారు. హేమ తల వంచుకుంది. కొండలమ్మ ఆధార్ కార్డులు చూపుతూ, పామర్రుకని చెప్పి, అది డాక్టరు గారికి చెప్పవలసిన జవాబని, ఇప్పుడు వచ్చిందని వివరించింది. జాన్‌బాబు తల ఊపి, ఇద్దరికీ ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టిక్కెట్లు కొట్టాడు. ఉయ్యూరులో బస్సు సగం ఖాళీ అయ్యాక వచ్చి ఎదుటి సీటు అంచున కూర్చున్నాడు.

“మా ఆవిడ మస్కట్ నుంచి వచ్చిందండీ,” అన్నాడు, టిక్కెట్ల మిషను వైపే చూస్తూ. “వచ్చాక ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకుంది. గవర్నర్‌పేటలో ఉషశ్రీ గారని ఒక మేడమ్ ఉన్నారు. స్టీలు సామాన్ల కొట్టు మీద గది. బుధవారం మధ్యాహ్నాలు, పై దేశాల నుంచి వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. బోర్డు ఉండదు, వెతికితే దొరకదు. ఎవరో ఒకరు చెప్పాలి.”

కొండలమ్మ అనుమానంగా, డాక్టరు మాత్రలు మానేయమంటారా అని అడిగింది.

“అయ్యో, మానొద్దండీ. అవి వేసుకుంటూనే ఇక్కడికీ వెళ్ళాలి. బండికి పెట్రోలూ కావాలి, గాలీ కావాలి కదండీ.”

మాత్రలు పని చేశాయి, నిద్ర పట్టడం మొదలైంది. ఆ జవాబు డాక్టరు గదిలోనే వచ్చి ఉంటే ఆయన ఒక్కరే వినేవారు. బస్సులో వచ్చింది కాబట్టి దారి తెలిసిన మనిషి చెవిన పడింది. తరువాతి బుధవారం హేమ పిన్నితో కలిసి గవర్నర్‌పేట వెళ్ళింది.

కింద కొట్టులో బిందెలు ఒకదానిలో ఒకటి దించుతున్న చప్పుడు, పైన గదిలో ఫ్యాను గాలి. దోహాలో వెల్డింగు చేసి వచ్చిన ఒకాయన, చదువు సగంలో ఆపి లండన్ నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఇంకా కొందరు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఉషశ్రీ నలభై దాటిన మనిషి, నిదానస్తురాలు. హేమ సంగతి కొండలమ్మ చెబుతుంటే ఆసాంతం విని, అదేమంత ఇబ్బంది కాదంది. ఆనాటి నుంచి మంగళవారం రాత్రి ఫోను చేసి, పాలకు తోడు వేసినట్టు, ఒక ప్రశ్న వేసి పెట్టేసేది. బుధవారం హేమ వచ్చి కూర్చునేసరికి జవాబు తోడుకుని సిద్ధంగా ఉండేది.

మూడో బుధవారమో నాలుగో బుధవారమో హేమ తనంతట తానే చెప్పింది. “ఒక జవాబు ఇంకా రావలసి ఉందండీ. అది వస్తే ఏమైపోతానోనని భయం.”

ఉషశ్రీ ఆలోచించింది. “దాన్ని తొందరపెట్టలేము, ఆపనూ లేము. అది వచ్చే వేళకు మీరు ఒంటరిగా ఉండకూడదు. ఇప్పటికి మనం చేయగలిగిన వైద్యం అదే.”

కొండలమ్మ ఆ మాటను మందుచీటీలాగే పట్టుకుంది. బజారంతా తిరిగి, హేమ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలని గవర్నర్‌పేట డాక్టరమ్మ చెప్పినట్టు చాటింది. పక్క బల్ల మీద రొయ్యలమ్మే సుధామణి వచ్చింది. మంచు వేసే పేరయ్య వచ్చాడు. బెల్లం బేరం వదిలి రత్తయ్య వచ్చాడు. మొదట్లో వాళ్ళు వచ్చింది కువైట్ కబురు తమ చెవినే ముందు పడాలన్న ఆశతో. సుధామణి ఆ మాట దాచుకోలేదు కూడా.

“నేను నీళ్ళకెళ్ళినప్పుడు మాత్రం రానివ్వకే,” అని హేమను బతిమాలింది.

ఊరికే కూర్చోవడం ఎంతసేపని? సుధామణి గవ్వలు తెచ్చింది, పచ్చీసు ఆట మొదలైంది. పేరయ్య దొంగాట ఆడేవాడు, పట్టుబడితే తన చూపు మందగించిందనేవాడు. సాయంత్రాలు కాలువ గట్టు మీద షికారుకు నలుగురైదుగురు కలిసి బయలుదేరేవారు. ఏ పని మీద కూడామో వారికే గుర్తు లేకుండా పోయింది.

ఒకనాడు పేరయ్య మీసం దువ్వుకుంటూ, రంగు వేస్తే తనకు బాగుంటుందా అని హేమను అడిగాడు. జవాబు కోసం ఆగే ఓపిక లేక వేయించుకునే వచ్చాడు. మరునాడు బజారు మధ్యలో, ఆయన మంచు పెట్టె దించుతుండగా హేమ నోరు తెరిచింది.

“బాగుండదు బాబాయ్.”

సుధామణి రొయ్యల తట్ట పక్కన పెట్టి మరీ నవ్వింది. పేరయ్య మీసాన్ని అరచేత్తో కప్పుకుని, ఈ ముక్క నిన్న చెప్పి ఉంటే నా ముఖం దక్కేది కదమ్మా అన్నాడు. హేమ నవ్వింది. ఆ చప్పుడు విని కొండలమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ చేప తోమడం మొదలుపెట్టింది.

కార్తీకమాసం వెళ్ళిన మొదటి ఆదివారం వచ్చింది. నెల్లాళ్ళు నోరు కట్టుకున్న ఊరంతా సంచులు పట్టుకుని బజారు మీద పడింది. బల్లల మధ్య నడవడానికి చోటు లేదు. హేమ తూకం వేస్తోంది. వెనుక నుంచి సుధామణి ఆమె భుజం మీద గడ్డం ఆనించి, ఏ ముక్కలు ఎవరివో చెబుతోంది. పేరయ్య ఆమె కాళ్ళ దగ్గర వంగి మంచు కొడుతున్నాడు. రత్తయ్య ఎవరూ అడగకుండానే సంచులు పట్టి నిలబడ్డాడు. నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపుల నుంచీ శీలావతి చేప ముక్కల కోసం చేతులు చాపారు.

అప్పుడు వచ్చింది. హేమకు ముందుగా తెలిసింది. తూకపు రాయి కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుంది.

“అక్కడ నాకెవరూ లేరు పిన్నీ,” అంది.

కొండలమ్మ చేతిలో చేప ఆగిపోయింది.

“పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ పోయిన రోజున గదిలో ఏసీ ఆపేశారు. ఆ హోరు ఆగాక తెలిసింది, ఇన్నేళ్ళూ నేను దానితోనే మాట్లాడానని. ఏడుద్దామన్నా ఎవరి దగ్గర ఏడవాలో తెలియలేదు. నాకెవరూ లేరు.”

ఇంత కాలమూ భయపడిన మాట అదే. అది బయటికి వచ్చి, ఎక్కడ నిలబడాలా అని చూసినట్టుంది. చూస్తే చోటు లేదు. భుజం మీద సుధామణి గడ్డం అలాగే ఉంది, కన్నీళ్ళు మాత్రం హేమ జాకెట్టు తడుపుతున్నాయి. కాళ్ళ దగ్గర పేరయ్య, పక్కన రత్తయ్య, ఎదుట చాచిన చేతులు. ఎవరూ కదలలేదు. హేమ కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ నీళ్ళలోంచే చుట్టూ చూసింది, ఒకరి తరువాత ఒకరిని. పెద్దావిడ కోసం ఆ రోజు నుంచీ ఆగిన ఏడుపు ఆ మనుషుల మధ్య తనివితీరా ఏడ్చింది.

చివరికి పేరయ్య కూర్చున్న చోటి నుంచే తల ఎత్తాడు. “ఎవరూ లేరంటావు సరే. మరి మేమంతా ఏమిటమ్మా, మంచుగడ్డలమా?”

రంగు వెలిసి సగం నలుపు, సగం తెలుపైన ఆ మీసం చూసేసరికి హేమకు ఏడుపు మధ్యలోనే నవ్వు వచ్చింది. ఎదుటి వరుసలో ఒక పెద్దామె పమిటతో కళ్ళు ఒత్తుకుని, తన ముక్కలు తోక వైపువి కాకుండా చూడమంది. బజారు మళ్ళీ మొదలైంది.

కొండలమ్మ చేతులు కడుక్కుని వచ్చి హేమ గడ్డం పట్టుకుంది.

“ఇప్పుడెలా ఉన్నావే తల్లీ?”

ఆ జవాబుకు కాలం పడుతుందని అందరికీ తెలుసు. రత్తయ్య టీలు చెప్పి వచ్చాడు. ఎవరి పనికి వారు తిరిగారు.

బుధవారం పొద్దున హేమ చేపల పులుసు క్యారియరు కడుతుండగా, కిందటి వారం ఉషశ్రీ అడిగినదానికి జవాబు వచ్చింది. “కూర్చుంటానండీ,” అంది హేమ, వంటింట్లో ఎవరూ లేకపోయినా. మలేసియా నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి నోరు మెదపడం లేదని, వారం వారం వచ్చి ఆమె పక్కన కూర్చుంటారా అని ఉషశ్రీ అడిగింది. ఎదురుచూడడం తెలిసిన మనిషి కావాలంది.

ఈసారి హేమ ఒక్కతే బస్సెక్కింది. జాన్‌బాబు వరుసగా టిక్కెట్లు కొడుతూ వచ్చి ఆమె ముందు ఆగాడు.

“ఎక్కడికండీ?”

“బాగానే ఉన్నాను,” అంది హేమ.

జాన్‌బాబు వేలు మిషను మీద ఆగింది. బస్సు కాలువ వంతెన ఎక్కి దిగింది.

“సంతోషమండీ,” అన్నాడు. “మరి దిగేదెక్కడ?”

“గవర్నర్‌పేట.”

ఆ మాట అతని ప్రశ్న ముగిసీ ముగియకముందే వచ్చింది. హేమ తన నోటిని తానే నమ్మలేనట్టు పెదవుల మీద వేళ్ళుంచుకుంది. జాన్‌బాబు టిక్కెట్టు ఆమె చేతిలో పెట్టి, పులుసు వాసన బస్సంతా కొడుతోందని, ఆకలిగొన్నవాళ్ళ మధ్య అది అన్యాయమని చెప్పి, వెనుక సీటు వైపు కదిలాడు.